పొగ డబ్బా మీద పడ్డ నింద

తేనక్కకి ముక్కు మీదే కోపం. ఆ ముక్కుకి ఈమధ్య కోపంతో పాటు కాలిన వాసన ఒకటి తోడైంది. బరువేసుకుని కొండదారి ఎక్కినప్పుడల్లా బండిలోకి గుప్పున కొట్టేది. కొట్టిందంటే చాలు, స్టీరింగు వదలకుండానే పక్కన కూర్చున్న మొగుణ్ణి దులిపేసేది.

"ఏమండీ, పొగ డబ్బా మళ్ళీ ఆర్పకుండానే ఎక్కించారు కదూ? ఏదో ఒకనాడు నన్నూ, బండినీ, పెట్టెల్నీ కలిపి తగలబెడతారు మీరు!"

పొగ డబ్బా అంటే తేనెటీగలు పెంచేవాళ్ళ దగ్గరుండే రేకు డబ్బా. అందులో ఎండుగడ్డీ గోనె పీలికలూ రాజేసి, పక్కనున్న తోలు తిత్తి నొక్కితే పొగ వస్తుంది. ఆ పొగ తగిలితే ఈగలు నెమ్మదిస్తాయి. పనయ్యాక దాన్ని ఆర్పడం మొగుడి వంతు. ఆయన్ని అందరూ నిదానంగారు అంటారు. ఎందుకలా అంటారో, ఆయన చెప్పులు తొడుక్కోవడం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాపం, ఆర్పాననే ఆయన నమ్మకం. కానీ పెళ్ళాం అంత గట్టిగా అంటుంటే తన మీద తనకే అనుమానం వచ్చేది. మొదట్లో మూత పెట్టి ఊరుకునేవాడు. తర్వాత నీళ్ళు చల్లడం మొదలెట్టాడు. ఆఖరికి డబ్బాని బకెట్లో ముంచి తీసి, తడిగుడ్డ చుట్టి మరీ ఎక్కించాడు. అయినా వాసన వచ్చింది, దాని వెనకే తిట్లూ వచ్చాయి.

అసలు బెంగ వాసన గురించి కాదు. బండి లాగడం లేదు. ఆ సంగతి తేనక్క పైకి అనలేకపోతోంది. అనలేకపోవడానికి కారణం తమ్ముడు.

పోయిన పూలకాలంలో జరిగింది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ముద్ద దిగదు. కింద తోటల్లో పూలు రాలిపోయాక, ఈగల పెట్టెలన్నీ బండికెక్కించి కొండ మీది పూలకి చేర్చాలి. తెల్లవారకముందే పెట్టెల తలుపులకి జాలీ కొట్టి, ఎండెక్కేలోపు పైకి చేరిపోవాలి. ఆ రోజు దారి మధ్యలో రాయి తగిలి బండి అడుగున ఆయిల్ చాంబర్ పగిలింది. ఇంకో బండి వచ్చేసరికి సూర్యుడు నెత్తికెక్కాడు. మూసిన పెట్టెల్లో వేడికి మైనం కరిగిపోయింది, ఈగలు అడుగున కుప్పలుగా పడిపోయాయి. చెయ్యి పెడితే తడి గింజల్లా తగిలాయి. మనుషులు పోతే ఏడ్చినట్టు ఏడ్చింది తేనక్క.

ఆ ఏడుపు తమ్ముడు చూశాడు. వాడికి వీధిలో పేరు టర్బో. ఇంజన్లంటే పిచ్చి, మాటల్లో వేగం, నడకలో వేగం. వాడు ఒక్క మాటా అనకుండా బండి తీసుకుపోయి, స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచి, ఇంత ఇంత లావు టైర్లు తొడిగి తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "ఇక ఏ రాయీ నీ బండిని ముట్టుకోదక్కా" అన్నాడు. నిజమే, ముట్టుకోలేదు. కానీ ఆ చక్రాల బరువుకి బండి నీరసపడిపోయింది. టాప్ గేరు వేస్తే మొరాయిస్తుంది. ఎత్తులో ఆగితే మళ్ళీ కదలనంటుంది.

"బండెలా ఉందక్కా?" అని వాడు వచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"బంగారంలా ఉందిరా" అనేది. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చేదో!

అయినా దాగుతుందా? ఒకసారి వాడే నడిపి చూసి, "కొంచెం బద్ధకించింది. ఏం ఫర్లేదు, ట్యూన్ చేసేస్తే గుర్రమే" అన్నాడు. ఈమధ్యే వాడు సొంతంగా ట్యూనింగ్ షాపు తెరిచాడు. లాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌కి ఎప్పుడెంత డీజిల్ అందాలో మార్చి బలం పెంచడం వాడి పని. ఇంకా గిరాకీ లేదు. మొదటి బండి అక్కదే కావాలని వాడి ఆశ. బండి నిలబెట్టే చోట గచ్చు కడిగి, అక్క కోసం కుర్చీ కూడా వేసి ఉంచాడు.

అదే వీధి చివర ఒకావిడకి గేర్ల షాపుంది. గేర్లమ్మ అంటారు. పంచరు వేయించుకోవడానికి ఆగిన తేనక్క బండి కింద వంగి చూసి ఆవిడ తేల్చేసింది. "చక్రాలు పెద్దవి చేశారు, వాటిని తిప్పే పళ్ళ చక్రాలు మాత్రం పాతవే ఉంచారు. వెనక ఇరుసులో గేర్లు మార్చందే ఇది కొండెక్కదమ్మా. ఇంజన్ దివ్యంగా ఉంది, దాని జోలికి పోకండి."

ఇంటికొచ్చాక తేనక్క నిదానంగారి ముందు కూలబడింది.

"ట్యూన్ అంటాడు వీడు, గేర్లు అంటుంది ఆవిడ. మీరేమంటారు?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "సైకిల్ తొక్కేటప్పుడు ఎత్తొస్తే ఏం చేస్తాం? ఎక్కువ తిండి తిని తొక్కొచ్చు. లేదా చిన్న గేరు వేసుకోవచ్చు."

"పోనీ పాత టైర్లే వేసేద్దామా?"

"బండి అడుగు మళ్ళీ రాళ్ళకి తగులుతుంది. పోయినేడు చూశాం కదే."

"మరి చిన్న గేరే కదా న్యాయం!"

"న్యాయమే. మీ తమ్ముడితో ఎవరు చెప్తారు?"

అదీ చిక్కు. సొంత అక్క తన షాపు దాటి, అదే వీధిలో ఇంకో షాపుకి బండి తోలితే ఇక వాడి దగ్గరికి ఎవరొస్తారు? వాడి మొహం ఎలా చూడటం? పోనీ వాడి మాట విందామా అంటే, అది తప్పయితే మళ్ళీ ఆ పెట్టెలు, ఆ కుప్పలు. కింద పూలు రాలడం మొదలైపోయింది. తేనక్కకి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మింగుడు పడదు, బయటికి రాదు.

చివరికి ప్రేమే గెలిచింది. "రారా, ట్యూన్ చేసెయ్యి" అని కబురు పెట్టింది. పెట్టాక వంటింట్లోకి పోయి గిన్నెలన్నీ దడదడమంటూ తోమింది. నిదానంగారు ఆ చప్పుడు విని, తెలివిగా పెరట్లోకి తప్పుకున్నాడు.

టర్బోకి ఎన్ని తొందరలున్నా ఒక పట్టింపుంది. నిండు బరువుతో ఎక్కి చూడని బండికి లాప్‌టాప్ తగిలించడు. అందుకని పెట్టెలుండే చోట ఇసుక బస్తాలు నింపించాడు. ముందు సీట్లో ముగ్గురూ ఇరుక్కున్నారు. స్టీరింగు దగ్గర తేనక్క, మధ్యలో నిదానంగారు, కిటికీ పక్కన ఒళ్ళో లాప్‌టాప్‌తో టర్బో.

"బావా, కాస్త జరుగు. నీ మోచెయ్యి తగిలితే లెక్కలన్నీ పోతాయి."

"ఎక్కడికి జరగనురా, డాష్‌బోర్డులోకా?"

కొండదారి మొదలైంది. పెట్టెలున్నప్పుడు ఎలా పోతుందో అలాగే పొమ్మన్నాడు టర్బో. అంటే నడకంత మెల్లగా, ఎగరకుండా, కుదుపు లేకుండా. ఇంజన్ మూలుగుతోంది. నిట్రంగా, నిలువుగా లేచిన మలుపు దగ్గర ఎదురుగా కంకర లారీ వచ్చింది. తేనక్క బండి పక్కకి తీసి ఆపింది. లారీ పోయాక హ్యాండ్ బ్రేకు దించుతూ, క్లచ్ సగం వదిలి, యాక్సిలరేటర్ తొక్కింది. బండి వణికింది, గింజుకుంది, అతి కష్టం మీద ముందుకి జరిగింది.

గుప్పున వాసన.

"ఏమండీ!" అని అరిచింది తేనక్క. "ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలి? మళ్ళీ పొగ డబ్బా ఆర్పలేదు!"

నిదానంగారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"ఇవాళ పొగ డబ్బా తేలేదే. ఇసుక బస్తాలకి పొగెందుకు?"

తేనక్క బండి పక్కకి తీసి ఆపేసింది. టర్బో లాప్‌టాప్ సీటు మీద పడేసి దిగి, బండి కిందికి దూరాడు. అక్కడే వెల్లకిలా పడుకుని ఉండిపోయాడు. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి వస్తోందక్కా ఈ వాసన?" అని అడిగాడు కింద నుంచే.

"ఎత్తు పెంచిన దగ్గర్నుంచి" అంది తేనక్క. అనేశాక నాలుక్కరుచుకుంది.

వాడు బయటికొచ్చి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయిపోయింది, వీడి మనసు విరిచేశాను అనుకుంది తేనక్క.

"అది పొగ డబ్బా కాదక్కా. క్లచ్ ప్లేటు కాలుతోంది" అన్నాడు టర్బో. "చిన్నప్పట్నుంచీ నీ చుట్టూ పొగే కాబట్టి నీకు అన్నీ పొగ డబ్బాలాగే తగుల్తాయి. పెట్టెలేసుకుని కొండ మధ్యలో ఇంకోసారి ఆగి ఉంటే, ఆ ప్లేటు పూర్తిగా పోయేది."

"ట్యూన్ చేస్తే తగ్గదా?" అని అడిగింది మెల్లగా. కాదనడానికి అంతకన్నా మెత్తని దారి ఆవిడకి తెలియదు.

వాడు తల అడ్డంగా ఊపాడు. "నేను పెంచే బలం ఇంజన్ వేగం అందుకున్నాకే వస్తుంది. నువ్వు పోయేది నడకంత. కదిలేటప్పుడు క్లచ్ కాలకుండా ఉండాలంటే గేర్లే మార్చాలి. రెండు రోజులుగా నాకు నిద్ర లేదు. లెక్క వేస్తే ఇదే వస్తోంది. నువ్వేమో నోరారా ట్యూన్ చెయ్యమన్నావు. నీ నోటితో అన్నాక, కాదు గేర్లమ్మ దగ్గరికి పో అని ఎలా చెప్పను? టైర్లు వేసిన రోజే గేర్లు మార్పించాల్సింది. చేతగానివాణ్ణి అనుకుంటావని భయమేసింది."

తేనక్క పకపకా నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. గుండెల మీంచి బండరాయి దించినట్టయింది.

"ఓరి పిచ్చి సన్నాసీ! నీ మనసు కష్టపడుతుందని నేను ఒప్పుకుంటే, నా మనసు కష్టపడుతుందని నువ్వు నోరు మూసుకున్నావా? ఇద్దరం కలిసి ఆ ఈగల ప్రాణం తీసేవాళ్ళం కదరా!"

"మరి నా సంగతి?" అన్నాడు నిదానంగారు బండిలోంచి. "ఇన్నాళ్ళూ నన్ను తిట్టినవన్నీ ఎవరు వెనక్కి తీసుకుంటారు?"

"తీసుకుంటాను లెండి, ఇంటికి పోయాక తీరిగ్గా" అంది తేనక్క.

మర్నాడు టర్బో తనే బండి తోలుకుంటూ తన షాపు దాటించి, వీధంతా చూస్తుండగా గేర్లమ్మ గుమ్మంలో ఆపాడు. గేర్లమ్మ నడుం మీద చేతులేసుకుని, "ఏం నాయనా, దారి తప్పావా?" అంది.

"దారిలో పడ్డానండీ. వెనక ఇరుసుకి ఎన్ని పళ్ళ గేర్లు వెయ్యాలో లెక్క కట్టుకొచ్చాను, సరిచూడండి" అన్నాడు.

ఆవిడ చూసి, "సరిగ్గానే ఉంది" అంది. ఆవిడ నోట్లోంచి ఆ మాట రావడం వీధికి కొత్త. ఆ వారంలోనే, గేర్లు మార్పించుకున్న ఒక ట్రాక్టరాయన్ని, ఇంజన్ పని మిగిలుంటే టర్బో దగ్గరికి పొమ్మని ఆవిడే పంపించింది. తేనక్క కోసం వేసిన కుర్చీలో మొదట కూర్చున్నది ఆ ట్రాక్టరాయనే.

పెట్టెలు తరలించే రోజు చీకటి ఉండగానే ముగ్గురూ బయల్దేరారు. ఈసారి వెనకున్నవి ఇసుక బస్తాలు కావు. జాలీల వెనక ఈగలు సన్నగా రొద పెడుతున్నాయి. కొత్త క్లచ్ ప్లేటు, కొత్త గేర్లు. బండి సులువుగా, మాట వినే మనిషిలా ఎక్కుతోంది. ఆ నిట్రమైన మలుపు దగ్గరికి రాగానే తేనక్క కావాలనే బ్రేకు తొక్కింది.

"ఎందుకాపావక్కా?"

"చూడాలిరా. ఇక్కడ చూసుకుంటే ఇక నాకు భయం ఉండదు."

హ్యాండ్ బ్రేకు దించింది. క్లచ్ వదిలింది. యాక్సిలరేటర్ మీద కాలు మోపిందో లేదో, బండి ఏ గింజులాటా లేకుండా జారినట్టు ముందుకి కదిలింది. ముగ్గురూ ముక్కులు ఎగబీల్చి వాసన చూశారు.

కాలిన వాసన!

తేనక్క బండి ఆపేసింది. అది ఆగకముందే టర్బో దూకి కిందికి దూరాడు. ప్లేటు వైపు ముక్కు పెట్టాడు, ఇరుసు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అంతా చల్లగా ఉంది. లేచి, అనుమానంగా బండి వెనక్కి నడిచాడు. అక్కడ పెట్టెల పక్కన మూల నుంచి సన్నగా నీలి పొగ లేస్తోంది.

వాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. పొగ డబ్బా. లోపల గోనె పీలిక ఎర్రగా రాజుకుంటోంది.

నిదానంగారు నెమ్మదిగా తల గోక్కున్నాడు. "డబ్బా తప్పు కాదని తేలిపోయింది కదా అని, ఇవాళ ముంచలేదే."

తేనక్క స్టీరింగు మీద తల వాల్చేసింది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని మొగుడు కంగారుగా వీపు మీద చెయ్యి వేశాడు. తల ఎత్తేసరికి నవ్వు ఆపుకోలేక మొహమంతా కందిపోయి ఉంది.

"హమ్మయ్య! ఇది మీరే కదా!" అంది. "ఎంత చల్లటి కబురు చెప్పారండీ!"

టర్బో సీసాలో నీళ్ళు డబ్బాలో పోసి ఆర్పి, ఎక్కి తలుపేసుకున్నాడు. తేనక్క మళ్ళీ క్లచ్ వదిలింది. బండి కదిలింది. ఎండ కొండ నెత్తిన పడేలోపు వాళ్ళు పైకి చేరారు. పెట్టెల జాలీలు తీశాక ముందు ఒక ఈగ, ఆ వెనక పది, ఆ తర్వాత లెక్కలేనన్ని ఈగలు పూల వైపు వెళ్ళిపోయాయి.