బూడిదతో తోమిన బోటు

మదనపల్లెలో కారు పాలిష్ అంటే ఫ్లారెన్స్ షెడ్డే. అంటే నాదే. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, ఉన్నమాట చెప్పడానికి నాకేం మొహమాటం? అందుకే పుంగనూరు దగ్గర చెరువులో బోటు షికారు నడిపే బైరప్ప ఫోన్ చేసి, "మా బోటు తెల్లగా పాలిపోయిండాదమ్మా, మెరుపు రప్పిస్తావా?" అంటే, చూడకుండానే సరేనన్నాను.

శనివారం వెళ్లి చూశాను. ఒకప్పటి నీలం ఫైబర్ బోటు సున్నం కొట్టిన గోడలా ఉంది. రుద్దితే అరచేతికి తెల్లపొడి అంటింది. ముందువారం తనిఖీకి వచ్చిన ఆఫీసరు ప్యాంటుకూ అదే అంటిందట. సోమవారం మళ్లీ వస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే బోటు మూలన పడేయాల్సిందేననీ చెప్పి వెళ్లాడట. బోటు పోతే బైరప్ప పనీ పోయినట్టే.

"పన్నెండేండ్లుగా దీన్నే తోలతాండాను. మళ్లా కూలికి పొయ్యే వయసా నాది?" అన్నాడు.

ఎండకు పాలిపోయిన రంగులు నాకు కొత్త కాదు. కానీ బోటు నిండా గుండ్రంగా వేలకొద్దీ గీతలున్నాయి.

"ఎవరు గీకినారప్పా దీన్ని?"

"గీకడమా? నేనే వారం వారం బూడిదేసి కొబ్బరిపీచుతో తోమతా. మాయమ్మ ఇత్తడి బిందెలు అట్లే తోమేది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇది బోటా, బిందెనా? పైన మెరిసే పొర గోరంత మందం కూడా ఉండదు. పన్నెండేండ్లుగా నువ్వే దాన్ని అరగదీసినావు!"

ఆయన మొహం చిన్నబోయింది. "నా బోటు శుభ్రంగా ఉండాలనుకుంటిని గదమ్మా," అన్నాడు. నాకు జాలేసింది.

ఆదివారం చర్చి కూడా ఎగ్గొట్టాను. ప్రభువు అర్థం చేసుకుంటాడులే. నీళ్లు చల్లుతూ సన్నటి గరుకు కాగితం, అదే వాటర్ పేపర్‌తో రుద్ది, మిషన్‌తో పాలిష్ పట్టాను. సాయంత్రానికి నీలం తేలింది. పొర బాగా పలచబడింది, ఇంకోసారి పేపర్ పెడితే లోపలి ఫైబర్ బయటపడుతుంది.

"మైనం రేపొచ్చి పూస్తా. అందాకా దీని జోలికి పోవద్దు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చాను.

సోమవారం పొద్దున వెళ్లేసరికి బోటు పక్కన బూడిద చట్టి! ముందుభాగంలో చాటంత మేర మళ్లీ తెల్లబారి ఉంది.

"కాకి రెట్టేసిందమ్మా. ఆఫీసరు వస్తాండాడు గదా, చెయ్యి ఊరుకోలేదు."

"ఆ చెయ్యి విరగ్గొట్టాల!" అని అరిచాను. మిషన్ ప్లగ్ పెడితే కరెంటు లేదు. తొమ్మిదైంది, ఆఫీసరు వచ్చేది పదింటికి. గుడ్డ తీసుకుని నేనే రుద్దడం మొదలుపెట్టాను. మిషన్‌కు అలవాటుపడ్డ చెయ్యి కదా, పది నిమిషాలకే భుజం పీకింది. బైరప్ప ఏడుపు మొహంతో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా చూపు ఆ చేతుల మీద పడింది. పన్నెండేళ్లు తోమిన చేతులు!

"ఇట్లా రాప్పా." మెత్తటి గుడ్డ, పాలిష్ డబ్బా ఇచ్చాను. "బిందె తోమినట్టే తోము. బూడిద మాత్రం వద్దు."

చెమటలు కారుతున్నా ఆయన ఆగలేదు. ముప్పావుగంటకు ఆ నీలంలో ఆయన మొహం ఆయనకే కనబడింది. వెనకే నేను మైనం పూసుకుంటూ వచ్చాను.

ఆఫీసరు వచ్చి బోటు మీద అరచెయ్యి రుద్దాడు. తిప్పి చూసుకుంటే ఏమీ అంటలేదు. "భేష్! నడుపుకోండి. ఎవరు మెరిపించారు?"

నా పేరు నాలుక చివరే ఉంది, షెడ్డు కార్డు చేతిలోనే ఉంది. కానీ బైరప్ప అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఆయనే సార్," అన్నాను.

ఆఫీసరు వెళ్లాక బైరప్ప కళ్లు తుడుచుకుని, బూడిద చట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని నువ్వే ఎత్తకపో తల్లీ. ఈడుంటే నా చెయ్యి ఊరుకోదు."