సూపు ఒకటి, ప్రశ్న ఒకటి

మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి ఎర్ర హెల్మెట్టుకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. డెలివరీ బండి నడిపే అతనికీ ఒక పేరుంది గానీ, ఆ వంటశాలలో అందరూ పిలిచేది ఇలాగే. మూడింటికి ప్యాకింగ్ అమ్మాయి షిఫ్టు ముగుస్తుంది. రేపటి నుంచి ఆమెకి ఊరి అవతలి కొసన తెరిచిన కొత్త బ్రాంచిలో పని.

పద్నాలుగు నెలలుగా ఆమె కిటికీలోంచి సంచి అందిస్తోంది, ఇతను అందుకుంటున్నాడు. ఇన్నాళ్లలో ఇతను ఆమెతో మాట్లాడినవన్నీ అంకెలే. ఆర్డరు నంబరులో చివరి నాలుగంకెలు చెప్పాలి, సంచి తీసుకోవాలి, పోవాలి. "ఐదు, సున్నా, ఏడు, రెండు" అని ఎంత ప్రేమ ఒలకబోసి చెప్పినా అది నంబరే కదా!

ఇవాళైనా మనసులో మాట చెప్పేద్దామంటే ఆర్డరు రావాలి. ఆర్డరు లేనివాళ్లు కిటికీ దగ్గర నిలబడకూడదని బోర్డు ఉంది. బోర్డు లేకపోయినా నంబరు లేనిదే ఇతనికి నోరు పెగలదు. యాప్ మాత్రం పగబట్టినట్టు పొద్దుటి నుంచీ కేకులకనీ ఐస్‌క్రీములకనీ ఊరంతా తిప్పింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. గేటు బయట బండి మీద కూర్చున్నవాడికి ఉన్నట్టుండి బుర్ర వెలిగింది. తనే ఆర్డరు పెట్టుకుంటే? ఇంత దగ్గర్లో ఉన్న డ్రైవరుని కాదని యాప్ ఇంకెవరికిస్తుంది?

టమాటా సూపు ఒకటి నొక్కాడు. కింద 'వంటశాలకు సూచనలు' అని ఒక గడి కనబడింది. బిల్లు సంచికి అంటించేది ఆమే కాబట్టి చదివేదీ ఆమే అనుకున్నాడు, అమాయకుడు. ధైర్యం జారిపోయేలోగా గబగబా రాసి పంపేశాడు.

ఫోను మోగింది. 'మీ ఆర్డరు తీసుకోవడానికి డ్రైవరు సిద్ధంగా ఉన్నారు.' తను సిద్ధంగానే ఉన్నాడు, కానీ పక్కనున్న ఫొటో తనది కాదు. తెల్ల మీసాలు, నల్ల కళ్లద్దాలు. బాబాయ్! డ్రైవర్లందరికీ బాబాయే అయిన ఆ పెద్దమనిషి వేరే సంచి కోసం అప్పటికే కిటికీ దగ్గరున్నాడు. పది అడుగుల తేడాతో కొంప మునిగింది.

ఎర్ర హెల్మెట్టు ఒక్క పరుగున వెళ్లాడు.

"బాబాయ్, ఆ సూపు నాకిచ్చెయ్!"

"నా ఆర్డరు నీకెందుకిస్తానురా? పాపం, కస్టమరు ఎదురుచూస్తుంటాడు."

"ఆ కస్టమరు నేనే!"

బాబాయ్ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. "ఎండదెబ్బేమో, కాసేపు నీడలో కూర్చో."

ఆ వంటశాలలో ఒక పద్ధతుంది. బిల్లు ముందు పొయ్యి దగ్గర అచ్చవుతుంది. పెద్ద వంటామె, అందరికీ పెద్దమ్మ, దాన్ని సూచనలతో సహా గొంతెత్తి చదువుతుంది. ఏ పని ఎవరిదైతే వాళ్లు "సరే!" అనాలి. అనేదాకా ఆమె ఇంకో బిల్లు ముట్టదు. ఫ్యాను హోరులో ఇతనికి ఇన్నాళ్లూ ఆ సరేలు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"టమాటా సూపు ఒకటీ!" అంది పెద్దమ్మ.

"సరే!" అన్నాడు సూపులాయన.

"ప్యాకింగ్ చేసే మీకూ! రేపటి నుంచి మీరు కనబడరంటే నాకు అన్నం సహించడం లేదూ!"

కూరగాయలు తరిగే చప్పుడు ఆగింది. ఎవరో పుణ్యాత్ముడు ఫ్యాను కూడా ఆపేశాడు.

"ఆదివారం నాతో కాసేపు నడవడానికి వస్తారా! ఇట్లు, ఎర్ర హెల్మెట్టు!"

భూమి చీలితే బండితో సహా దిగిపోదామనుకున్నాడు ఎర్ర హెల్మెట్టు. బాబాయ్ కళ్లద్దాలు తీసి మరీ చూశాడు. "ఓరి నీ! కస్టమరు నిజంగా నువ్వేనా!"

లోపలి నుంచి ఒకే ఒక్క గొంతు వినబడింది.

"సరే!"

ఎర్ర హెల్మెట్టు గుండె ఎగిరి గంతేసింది, మరుక్షణమే చతికిలబడింది. చెంచా ఎక్కువ వెయ్యమన్నా సరే, మూత గట్టిగా పెట్టమన్నా సరే. రోజుకి రెండొందల సార్లు అనే మాటే కదా. పెద్దమ్మకీ అదే అనుమానం వచ్చింది.

"అమ్మాయీ, అలవాటు కొద్దీ అన్నావా, అర్థమయ్యే అన్నావా?"

లోపల అంతా ఘొల్లుమన్నారు. కిటికీ తెరుచుకుంది. సూపు సంచి పట్టుకుని ఆమె నిలబడింది. బాబాయ్ చెయ్యి చాపితే ఇవ్వలేదు, ఎర్ర హెల్మెట్టు వైపే చూసింది.

"నంబరు చెప్పండి."

పద్నాలుగు నెలల్లో ఏనాడూ తడబడనివాడికి ఒక్క అంకె గుర్తుకొస్తే ఒట్టు!

"మర్చిపోయానండీ."

"హమ్మయ్య, ఇన్నాళ్లకి అంకెలు కాకుండా ఒక మాట మాట్లాడారు," అని ఆమె చెవి మీది పెన్ను తీసి బిల్లు మీద ఏదో రాసింది. "వీటిని మాత్రం మర్చిపోవద్దు. నాలుగంకెలు కాదు, పది. ఆదివారం ఐదింటికి. అర్థమయ్యే అన్నాను."

ఎర్ర హెల్మెట్టు గుండెనిండా గాలి పీల్చుకుని వంటశాల అదిరేలా అరిచాడు.

"సరే!"