నలభయ్యో పుస్తకం

హైమావతికి కోపం ముక్కు మీదే ఉంటుందని సింగపూర్‌లోని బుకిట్ బటోక్‌లో ఆమె ఉండే బ్లాకు మొత్తానికీ తెలుసు. లిఫ్టులో సైకిలు అడ్డం పెట్టినవాణ్ణి పదో అంతస్తు దాకా కడిగేస్తుంది, ఆనక మర్చిపోతుంది. ఆ డిసెంబరులో వచ్చిన కోపం మాత్రం ఆ రకం కాదు. అది మొదట్లో అచ్చం సంతోషంలాగే ఉంది.

సంతోషం కాక మరేమిటి? ఆమె రాసిన పుస్తకం కావాలని జనం ఫోన్లు చేస్తున్నారు! విజయవాడలో అచ్చువేయించి తెప్పించుకున్న పుస్తకం, పేరు ‘మోసిన మాట’. ఏడాది పొడుగునా మంచం కింద అట్టపెట్టెలో పడుంది. అడిగినవాళ్ళు లేరు, ఊరికే ఇచ్చినా తెరిచినవాళ్ళు లేరు. అలాంటిది ఉన్నట్టుండి, “ఆంటీ, మీ బుక్ ఒక కాపీ ఉందా? ఈ రోజే కావాలి, స్టేషన్ దగ్గర కలెక్ట్ చేసుకుంటా” అని ఒకరి తర్వాత ఒకరు. హైమావతి పొంగిపోయింది. మంచి చీర కట్టుకుని వెళ్ళి, ఎమ్మార్టీ స్టేషన్ గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ సంతకం పెట్టి మరీ ఇచ్చింది.

ఆ పొంగు మీద నీళ్ళు చల్లింది కూతురు మహతి.

“అమ్మా, వాళ్ళు తీసుకుంటున్నది బికాజ్ ఇట్స్ థిన్ లా,” అని ఇక్కడి యాసలో అంటూ ఫోను ముందు పెట్టింది.

అది ‘పుస్తకాల పరుగు’ అనే వాట్సాప్ గ్రూపు. చాంగీ బిజినెస్ పార్కులో ఓ బ్యాంకులో పనిచేసే చంద్రశేఖర్ దాన్ని నడుపుతాడు. సింగపూర్‌లో తెలుగు చదివేవాళ్ళందరూ అందులో ఉన్నారు, చదవనివాళ్ళూ ఉన్నారు. ఏడాదికి నలభై పుస్తకాలు చదువుతామని జనవరిలో అందరూ ఊపుగా మాటిస్తారు. నవంబరు వచ్చేసరికి సగం మంది ఐదారు దగ్గరే ఆగిపోయి ఉంటారు. అందుకని చంద్రశేఖర్ ‘గట్టెక్కించే సన్న పుస్తకాలు’ అని ఓ జాబితా పెట్టాడు. అందులో హైమావతి పుస్తకం ఉంది. పక్కనే అతని సిఫారసు: “యాభై ఆరు పేజీలే. అక్షరాలు పెద్దవి. బుకిట్ బటోక్‌లో ట్రైనెక్కితే ఎక్స్‌పో స్టేషన్ చేరేలోపు ఫినిష్. పైగా లోకల్ రైటర్, సపోర్ట్ చేసినట్టూ ఉంటుంది.”

హైమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది.

“రెండేళ్ళు ఏడ్చి ఏడ్చి రాశానే! వీడికి రైల్లో కాలక్షేపమా? అక్షరాలు పెద్దవట! కళ్ళజోడు లేకుండా చదువుకోవాలని వేయించాను, వీడి పరుగుపందెం కోసం కాదు!”

“పోనీలేమ్మా. ఎట్లీస్ట్ చదువుతున్నారు కదా.”

ఆ మాట దగ్గర హైమావతి ఆగింది. నిజమే, సన్నగా ఉందనైనా చదవనీ. ఎవరు చదివినా చదవకపోయినా ఆమెకు ఒరిగేదేమీ లేదు, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్క మనిషీ ఈ గ్రూపులోనే ఉంది. ఆమె చెల్లెలు ప్రసన్నలక్ష్మి.

అసలు ఆ పుస్తకం రాసిందే ప్రసన్న కోసం. వాళ్ళ నాన్నకి షిప్‌యార్డులో పని దొరికి కాకినాడ నుంచి వచ్చేసినప్పుడు ఇద్దరూ బడికెళ్ళే పిల్లలు. ఒకే మంచం మీద పడుకుని, ఒకే దువ్వెనతో తల దువ్వుకుని పెరిగారు. ప్రసన్నకి పాతికేళ్ళప్పుడు రాజేష్ అనే కుర్రాడు నచ్చాడు. అతనికీ ఈమె నచ్చింది. కులం వేరు కనక అమ్మ నాగరత్నానికి మాత్రం నచ్చలేదు. ఆవిడ ఎవరికీ చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళి, మా పిల్లకి వేరే సంబంధం కుదిరిపోయింది, మీవాణ్ణి మా గుమ్మం తొక్కనివ్వకండి అని చెప్పొచ్చింది. వాళ్ళు రోషం గల మనుషులు. మళ్ళీ ఈ గుమ్మం వైపు చూడలేదు. ప్రసన్న తిండి మానేసి, ఎవరు చెప్పారు, ఎవరు చెడగొట్టారు అని గోల పెడితే, ఆ మహాతల్లి ఏమందో తెలుసా? మీ అక్కే వెళ్ళి చెప్పిందే అంది!

హైమావతి నిలదీస్తే వాళ్ళమ్మ ఆమె చేతిని తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. “నువ్వు పెళ్ళై వెళ్ళినదానివి. దాని కోపం నిన్నేం చేస్తుంది? అది నాతో మాట్లాడకపోతే నేను బతకను. ఈ మాట నువ్వు మొయ్యి.” హైమావతి మోసింది. అమ్మ పోయేదాకా, ఇరవై ఏళ్ళకు పైగా, నోరు మెదపలేదు. ప్రసన్న పెళ్ళి చేసుకోలేదు, అమ్మతోనే ఉండిపోయింది. అక్కతో తగువేమీ పెట్టుకోలేదు. పండక్కి ఫోన్ చేస్తుంది, మహతి పుట్టినరోజుకి బహుమతి పంపుతుంది. కానీ అక్క ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్క ముద్ద తినలేదు. ఏం పెట్టబోయినా, “ఇప్పుడే తిన్నానక్కా, మకాన్ అయింది,” అని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతుంది. ఆ మంచినీళ్ళ గ్లాసు కడిగినప్పుడల్లా హైమావతికి కడుపు రగిలిపోయేది.

అమ్మ పోయాక చెప్పాలని చూసింది. ‘అమ్మ ఆ రోజు’ అని మొదలుపెట్టగానే ప్రసన్న లేచి వెళ్ళిపోయేది. అమ్మ మీద ఒక్క మాట పడనివ్వదు. ఇక గత్యంతరం లేక హైమావతి రాయడం మొదలుపెట్టింది. అచ్చయిన పుస్తకాల్లో మొట్టమొదటిది చెల్లెలి చేతికే ఇచ్చింది. “చదువుతానక్కా,” అంది ప్రసన్న. నెలలు గడిచాయి, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇప్పుడీ పరుగు పుణ్యమా అని చదువుతుందేమో! హైమావతి కోపాన్ని మింగి కూర్చుంది.

అభిప్రాయాలు ఒక్కొక్కటే గ్రూపులో పడ్డాయి. ‘అమ్మ గోరుముద్దలు గుర్తొచ్చాయి ఆంటీ.’ ‘అమ్మ ఒడిని మించిన గుడి లేదని చక్కగా చెప్పారు.’ ‘గోరుముద్దల ఘట్టం అద్భుతం.’

హైమావతి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఏ గోరుముద్దలు? ఎవరి గోరుముద్దలు? ఆ పుస్తకంలో గోరుముద్దన్న మాట ఎక్కడుంది? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అమ్మని దులిపి ఆరేస్తేనూ!

ఉంది. ముందుమాటలో ఉంది. మనవాళ్ళకి ముందుమాట లేని పుస్తకం బొట్టు లేని మొహంలా కనిపిస్తుంది కదా! అందుకని కొడుకు దగ్గర సిమేలో ఉంటున్న సీతారామారావు గారి దగ్గరికి అందరూ వెళ్ళినట్టే హైమావతీ వెళ్ళింది. రిటైరైన లెక్చరరు, పెద్దమనిషి. ఆయన ‘అమ్మ నాగరత్నానికి’ అన్న అంకితం మాత్రం చదివి, మిగతాది తన ఊహకి వదిలేసి, ‘మాతృప్రేమకు అక్షరాభిషేకం’ అని ఎనిమిది పేజీలు దంచేశాడు. నేరుగా ప్రెస్సుకే పంపించేశాడు. పుస్తకాలు చేతికొచ్చాక చూసి హైమావతి పళ్ళు నూరింది. పెద్దాయన, ఏమంటాం, పోనిద్దూ అని భర్త రమణ సర్దిచెప్పాడు. అదిగో, ఆ ఎనిమిది పేజీలే చదివి, గ్రూపు గ్రూపంతా పుస్తకం అయిపోయిందనిపించింది. యాభై ఆరు పేజీలు కూడా బరువైపోయాయి వీళ్ళకి!

అయినా హైమావతి ఊరుకుంది. ప్రసన్న అలా చెయ్యదనుకుంది. క్రిస్మస్ మర్నాడు ప్రసన్న కూడా రాసింది:

‘మా అక్క పుస్తకంతో నా నలభై పూర్తి! అమ్మ గోరుముద్దలు తలుచుకుని కళ్ళు చెమర్చాయి. అందరూ తప్పక చదవాలి.’

దాని కింద వరసగా ఎర్రటి గుండెలు, చప్పట్లు.

హైమావతి ఆ మెసేజీ రెండుసార్లు చదివింది. తర్వాత ఆమె నోటి వెంట వచ్చిన మాటలు రాయదగ్గవి కావు. రమణ టీవీ కట్టేసి, “ఫోన్ చేసి అడగవే,” అన్నాడు.

“ఏమని అడగనండీ? ‘చదివావా’ అంటే ‘చదివానక్కా, సూపర్’ అంటుంది. ఆ మాట నా చెవిన పడితే ఈ ఫోను గోడకేసి కొడతాను!”

ఏడాది చివరి ఆదివారం ఉదయం, సిమేలో చంద్రశేఖర్ వాళ్ళ కాండో ఫంక్షన్ రూములో సభ. హైమావతి వెళ్ళేసరికి వేడివేడి మైసూరు బోండాల ముందు క్యూ ఉంది. కూర్చుందామంటే ముందు వరస కుర్చీలన్నీ ఛోప్ చేసేసి ఉన్నాయి. హాకర్ సెంటర్లో తినడానికి వెళ్ళినవాళ్ళు టిష్యూ ప్యాకెట్టు పడేసి సీటు పట్టుకున్నట్టు, నాలుగు కుర్చీల్లో నాలుగు ‘మోసిన మాట’లు పడున్నాయి. ఒకదాని అట్ట మీద చట్నీ. ఆమె ఆ పుస్తకం తీసి కొంగుతో తుడిచింది, సంచిలో వేసుకుంది, ఆ కుర్చీలోనే కూర్చుంది.

“ఆంటీ, అది నా సీటు,” అంది ఓ అమ్మాయి.

“అది నా పుస్తకం,” అంది హైమావతి. ఆ అమ్మాయి వెనక వరసకి వెళ్ళిపోయింది.

చంద్రశేఖర్ మైకు పుచ్చుకుని నలభై పూర్తిచేసిన వాళ్ళని పిలిచాడు. జ్ఞాపికలిచ్చాడు, ఫోటోలు తీశారు. చివరికి ప్రసన్నలక్ష్మి వచ్చింది. పట్టుచీరలో, నవ్వుతూ, అచ్చం అమ్మలా ఉంది.

“ప్రసన్న గారి నలభయ్యో పుస్తకం సొంత అక్కగారిదే! హైమావతి గారూ, రండి, రెండు ముక్కలు మాట్లాడండి.”

హైమావతి మైకు అందుకుంది. రాత్రంతా పక్క మీద దొర్లుతూ అనుకున్న తిట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. సంచిలోంచి ఆ చట్నీ మరక పుస్తకం తీసి, పేజీ తిప్పి, మైకుతో సహా చెల్లెలి చేతిలో పెట్టింది.

“నేనేం మాట్లాడనమ్మా. నువ్వే చదువు, ఇక్కణ్ణించి. అందరికీ వినపడేలా.”

“అయ్యో, నేనా?” అంటూనే ప్రసన్న సిగ్గుగా నవ్వి, గొంతు సవరించుకుంది. గోరుముద్దలే చదవబోతున్నాననుకుంది కాబోలు.

“‘రాజేష్ వాళ్ళింటికి వెళ్ళింది నేను కాదు,’” అని చదివింది. ఆ వాక్యం చివర ఆమె నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. తర్వాతి వాక్యంలో అది లేదు. “‘ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మే ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. తిరిగొచ్చి ప్రసన్నతో, మీ అక్కే చెడగొట్టిందని చెప్పింది. నాతో ఒట్టు వేయించుకుంది...’”

మైకు కిందికి దిగిపోయింది. ప్రసన్న కళ్ళు మాత్రం కాగితం మీద పరుగెడుతున్నాయి. ఆ పేజీ అయ్యాక తర్వాతి పేజీ, అది అయ్యాక ఇంకోటి. గదిలో బోండా నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

“ప్రసన్న గారూ, అంతా ఓకేనా?” అన్నాడు చంద్రశేఖర్, బిత్తరపోయి.

ప్రసన్న తలెత్తింది. జ్ఞాపిక అతని చేతిలో పెట్టేసింది.

“ఈ పుస్తకం నా లెక్కలోంచి తీసెయ్యండి. నేను చదవలేదు.”

వెనక వరసల్లో నలుగురైదుగురు తలలు దించుకుని ఒళ్ళో ఉన్న పుస్తకాలు సంచుల్లోకి తోశారు.

హైమావతి ఈ క్షణం కోసం ఏడాదిగా కాచుకుని ఉంది. చెల్లెలు ఏడుస్తుంది, ‘క్షమించక్కా’ అంటుంది, అప్పుడు తను కడుపులోదంతా కక్కేస్తుంది, అప్పటికి గానీ ఈ మంట చల్లారదు అనుకుంది. ప్రసన్న ఏడవలేదు. దగ్గరికొచ్చి, అందరూ వింటున్నారన్న ధ్యాసైనా లేకుండా అంది:

“అమ్మ అబద్ధం చెప్పింది, సరే. నువ్వెందుకు ఊరుకున్నావ్? మర్నాడే నాకు చెప్పుంటే నేను వాళ్ళింటికి పరిగెత్తుకెళ్ళేదాన్ని కదక్కా! అప్పటికింకా అతను ఇక్కడే ఉన్నాడు. ఆర్నెల్లున్నాడు! అమ్మ మీద ఒట్టు అంత గొప్పదైందా? నేనేం కానా నీకు?”

హైమావతి నోరు తెరిచింది. ఒట్టు సంగతి, అమ్మ ఏడుపు సంగతి, తను పడ్డ బాధ అంతా పుస్తకంలో వివరంగానే రాసింది. ఆర్నెల్ల సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఆమెకి ఆ సంగతి తట్టనే లేదు.

“చెప్పు! ఇప్పుడెందుకు మాట్లాడవ్?” ప్రసన్న గొంతు ఆ గది పైకప్పుని తాకింది. “ఈ పుస్తకం అప్పుడు రాయాల్సింది! రెండు ముక్కలు, ఒక్క చీటీ మీద రాసిచ్చినా సరిపోయేది!”

చెయ్యని తప్పుకి చెల్లెలి కోపాన్ని ఇన్నేళ్ళు మోసింది హైమావతి. చేసిన తప్పుకి తిట్లు తినడం ఇదే మొదటిసారి. తల వంచుకుని, చెల్లెలి ఎదుటే నిలబడి విన్నది.