నాని బండికి ముక్కు

బానెట్ కింద అరవై ఎనిమిది డిగ్రీలు! బయట ఎండే ముప్పై తొమ్మిది ఉంటే లోపల అరవై ఎనిమిది! కాలేజీ ల్యాబులో బతిమాలి తెచ్చుకున్న థర్మామీటర్ పట్టుకుని నేను గెంతేశాను.

"అన్నా, దొరికింది! నీ బండి వేడిగాలి పీలుస్తోంది!"

"అవ్, నేను గూడ గదే పీలుస్తున్న. లోపలికి రా, మజ్జిగ తాగుదాం" అన్నాడు నాని అన్నయ్య.

నాని మా పెద్దమ్మ కొడుకు. పెనుబల్లిలో ఉంటాడు, సొంత పికప్ నడుపుతాడు. నేను హైదరాబాద్‌లో మెకానికల్ చదువుతూ సెలవులకి వచ్చాను. వచ్చేసరికి అన్నయ్య ముఖం వాడిపోయి ఉంది. ములకలపల్లి అవతల తండాలో తుల్సీరాం అనే రైతు ఉన్నాడు, చుట్టుపక్కల వాళ్ల మిర్చి కూడా తనే ఖమ్మం మార్కెట్‌కి పంపిస్తాడు. ఆ లోడ్లన్నీ అన్నయ్యవే. కానీ పోయినసారి అడవిలో గుట్ట ఎక్కుడు దగ్గర బండి సగంలోనే ఆయాసపడి ఆగిపోయింది. మార్కెట్‌కి చేరేసరికి వేలం అయిపోయింది. తుల్సీరాం ఒక్కటే మాట అన్నాడట: "ఇంకొక్కసారి సూస్త తమ్మీ. ఈసారి గుట్ట ఎక్కలేదో, వేరే బండి మాట్లాడుకుంట." ఆ లోడ్లు పోతే అన్నయ్యకి మిర్చి సీజన్ మొత్తం పోయినట్టే.

మెకానిక్ అన్నీ చూసి ఇంజన్ బాగానే ఉందన్నాడు. మరి గాలి? ఆ మధ్య గేదె గుద్దినప్పుడు ముందునుంచి చల్లగాలి తెచ్చే గొట్టం విరిగిపోయింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. అప్పటినుంచి ఇంజన్ తన వేడిని తనే పీల్చుకుంటోంది. వేడిగాలి పలచన, దానితో బలం రాదు! నిజం చెప్పాలంటే గొట్టం దొరికినా నేను వద్దనేదాన్నేమో, ఎందుకంటే ఇంటర్‌లో ఉన్నప్పటినుంచి నాకు హుడ్ స్కూప్ చెయ్యాలని పిచ్చి కోరిక.

హుడ్ స్కూప్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. బానెట్‌కి చదరంగా కన్నం కోసి, దాని మీద దోసిలి బోర్లించినట్టు ఒక రేకు మూత బిగించాలి. మూతకి ఒకవైపు నోరు. ఆ నోట్లోంచి బయటి గాలి నేరుగా ఎయిర్ ఫిల్టర్‌కి పోతుంది. ముందు అట్టతో చేసి చూసుకున్నాను. తర్వాత సత్తుపల్లిలో వెల్డింగ్ షాపు అతనితో రేకుతో చేయించాం. చుట్టూ రబ్బరు బీడింగ్, మూలకొక బోల్టు, నోటికి దోమల జాలి. నోరు ముందుకే పెట్టాను, గాలి ముందునుంచే కదా వచ్చేది!

"నిక్షేపం లాంటి బానెట్‌కి బొక్క పెట్టించినవ్ ఉదయా" అన్నాడు అన్నయ్య. "ఇది ఫెయిలైందో, వానాకాలం నువ్వే గొడుగు పట్టుకోని బానెట్ మీద కూసోవాలె."

తెల్లారి బయల్దేరబోతుంటే ప్రమీలారాణి పెద్దమ్మ పసుపు చేతులతో పరిగెత్తుకొచ్చింది.

"కొత్త వస్తువు పెట్టి, పూజ చెయ్యకుండా బండి కదిలిస్తారటే? ఇదేంటే, ముక్కులా ఉంది?"

"ముక్కే పెద్దమ్మా. గాలి పీలుస్తుంది."

"అయితే ముక్కుకీ బొట్టు పెట్టాలి."

పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎప్పుడూ అద్దానికి వేసే ముద్దబంతి దండని ఈసారి తెచ్చి స్కూప్‌కి రెండు చుట్లు చుట్టింది. "దండ వెయ్యడానికే చేసినట్టుందే!" అని మురిసిపోయింది. నేను ఫొటోలు తీశాను. ఎంత ముద్దుగా ఉందో! ఫ్రెండ్స్‌కి పంపించాను కూడా.

దారంతా బండి ఖాళీగా జోరుగానే పోయింది. తండాలో తుల్సీరాం స్కూప్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది తమ్మీ, బండికి ముక్కు పెట్టిచ్చినవ్? మిర్చి ఎక్కిస్తే తుమ్ముతదేమో సూస్కో."

"దండ మా అమ్మది, డిజైన్ మా చెల్లెది అన్నా. ఇంజనీరు" అన్నాడు అన్నయ్య గర్వంగా. నా ఛాతీ ఉబ్బింది.

బస్తాలు ఎక్కాయి. తుల్సీరాం బైక్ మీద మా వెనకే వస్తున్నాడు. ఎక్కుడు మొదలైంది. రెండో గేర్. మొదటి గేర్. నల్లటి పొగ. బండి గురగురమని దగ్గి, పోయినసారి ఆగిన చోటికి కూడా చేరకుండానే ఆగిపోయింది!

అన్నయ్య స్టీరింగ్ మీద తల ఆనించాడు. నేను కిందికి దూకి టైర్ల వెనక రాళ్లు పెట్టాను. తుల్సీరాం బైక్ ఆపి జేబులోంచి ఫోన్ తీశాడు.

"అన్నా, ఒక్క అయిదు నిమిషాలు!" అన్నాను.

"సిగ్నల్ దొరకనీ బిడ్డా. గంతవరకే నీ టైం" అని ఫోన్ పైకెత్తి పట్టుకుని నడవసాగాడు.

బానెట్ వైపు చూశాను. దండ జారి స్కూప్ నోటి నిండా కూరుకుపోయింది. జాలి మీద పూరేకులు, వాటి మీద ఎర్రదుమ్ము, అట్టలా కట్టేసింది. మేం దేవుడికి దండం పెట్టి మరీ బండికి ముక్కు మూశామన్నమాట!

దండ పీకి పారేయబోతూ ఆగిపోయాను. దండ సరే, మరి దుమ్ము? నోరు ముందుకున్నంత కాలం ఈ మట్టిరోడ్ల దుమ్మంతా అందులోకే పోతుంది. అప్పుడు కనపడింది. దారిలో ఊడిన బంతిరేకులు రోడ్డు మీద పడిపోలేదు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర కుప్పగా చేరి ఉన్నాయి! పెద్దమ్మ కుంకుమ కూడా అక్కడే.

"అన్నా! గాలి అద్దానికి కొట్టుకుని అక్కడ ఆగుతోంది! అక్కడే ఒత్తిడి ఎక్కువ! ముక్కు వెనక్కి తిప్పుదాం!"

"వెనక్కా? ఎవరన్న వీపుతోని గాలి పీలుస్తరా?"

"గాలి అద్దం దాకా పోయి వెనక్కి మళ్లుతోంది, అక్కడినుంచి తీసుకుందాం. ఎదురు దుమ్ము నోట్లో పడదు. స్పానర్ ఇవ్వు, జల్దీ!"

కన్నం చదరమే, బోల్టులు మూలకొకటే, అటు తిప్పినా ఇటు తిప్పినా కూర్చుంటుంది. దండ తీసి, జాలి దులిపి, మూత తిప్పి, అన్నయ్య రెండు బిగిస్తే నేను రెండు బిగించాను. వేళ్లు కాలాయి. వెనకనుంచి తుల్సీరాం గొంతు: "హలో... హలో, ఇనపడుతుందా? బండి ఖాళీ ఉన్నదా?"

రాళ్లు తీశాక అన్నయ్య బండిని మెల్లగా కిందికి దింపి, సాపు రోడ్డు మీద కాస్త పరిగెత్తించి, మళ్లీ ఎక్కుడెక్కించాడు. నేను పక్క సీట్లో థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను, దాని వైరు ఫిల్టర్ దగ్గర పెట్టాను. యాభై అయిదు. నలభై ఎనిమిది. నలభై మూడు! బండి ఇందాక ఆగిన చోటు దాటింది. పోయినసారి ఆగిన చోటూ దాటింది. పొగ లేదు. ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడ్డ తుల్సీరాం పక్కనుంచి మిర్చి వాసన కొట్టుకుంటూ పోయాం. అన్నయ్య హారన్ మోగిస్తూనే ఉన్నాడు, ఎక్కుడు మీదికి చేరేదాకా.

పైన ఆపాం. తుల్సీరాం వచ్చి బైక్ దిగాడు.

"ఇంకో బండి వస్తుందా అన్నా?" అన్నయ్య భయంభయంగా అడిగాడు.

"రావద్దని చెప్పిన. ఎక్కిందిగదా." స్కూప్ మీద అరచేయి పెట్టి చూశాడు. "వచ్చే లోడ్ గూడ నీదే. గని ఒక్క మాట తమ్మీ."

"చెప్పన్నా."

"మీ అమ్మకు దండం పెట్టి రా. దండ మాత్రం ఇంట్లనే పెట్టి రా."