అరుగు మీద పడ్డ రోగాలు

పొద్దున్నే కాకులు లేచేసరికి బందరులో వెంకట్రామయ్యగారి అరుగు నిండిపోయేది. కోర్టు గుమాస్తాగా రిటైరయ్యాక ఆయన ఇంగ్లీషు పుస్తకాలు చదివి హోమియో వైద్యం పట్టుబడేట్టు చేసుకున్నారు. చెక్కపెట్టె నిండా చిన్న చిన్న సీసాలు, వాటిలో ఆవగింజల్లాంటి తీపి మాత్రలు. ఇంట్లోవాళ్ళకైనా వీధిలోవాళ్ళకైనా ఏ నలత చేసినా ఆ పెట్టే దిక్కు.

మందు పనిచేసేది. మాత్రలు నాలుక మీద కరిగిన కాసేపటికి రోగం నోట్లోంచి ఊడి కిందపడేది. జలుబయితే బూడిదరంగు జలగలా, జిగటజిగటగా. అజీర్తి అయితే పొట్ట ఉబ్బిన కప్పలా, పులిసిన కంపుతో. పిల్లల కోరింతదగ్గు నల్లటి గొంగళిపురుగులా పడి, నేలమీద కూడా కాసేపు దగ్గేది. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. జ్వరం దిగేటప్పుడు చెమట పట్టదూ, అలాగే. రోగి మూతి తుడుచుకుని "వస్తానండీ" అని వెళ్ళిపోయేవాడు. పడ్డదాని మీద మాత్రం వెంటనే బూడిద జల్లి, చేటలోకి ఎత్తి, మురుక్కాలవలో పొయ్యాలి. ఆలస్యం చేస్తే అది పాక్కుంటూ పోయి, దగ్గర్లో ఎవరి కాలు దొరికితే వాళ్ళలో దూరిపోతుంది.

ఆ ఎత్తిపోత కోడలు హైమావతి పని.

హైమావతిది పామిడిముక్కల. పెళ్ళికి ముందే హిందీ పరీక్షలు పాసయింది. కాపరానికి వచ్చిన వారంలోనే మావగారు అరుగు మీంచి "అమ్మాయ్, చేట!" అని కేకేశారు. ఆనాటి నుంచి ఆ కేక ఆగలేదు. ఎన్నిసార్లు కుంకుడురసంతో తోముకున్నా వేళ్ళ సందుల్లో ఆ జిగురు పోయేది కాదు. అన్నం కలిపితే అదే కంపు. పెరుగు గడ్డగా పడితే కంచం పక్కకి నెట్టేసేది. బండి తోలే కొండయ్య ప్రతి సోమవారం తన అజీర్తిని అరుగు దాటించి సరిగ్గా ఆమె కాళ్ళ ముందు కక్కి, పళ్ళు కుట్టుకుంటూ, "అటు చిందింది అమ్మాయిగారూ, అక్కడ కూడా" అని వేలెత్తి చూపించేవాడు. వాళ్ళ రోగాల కంటే, వాళ్ళు తేలికపడి నవ్వుకుంటూ వెళ్ళే వెళ్ళడం ఆమెకు ఎక్కువ రోత.

ఒకరోజు భర్త ఈశ్వరరావు ఆఫీసుకి బయల్దేరుతుంటే గడప దగ్గర ఆపింది.

"ఏవండీ, ఎవరి రోగం వాళ్ళనే ఎత్తుకోమని మావయ్యగారితో ఒక్క మాట చెప్పండి."

"నాన్నగారితోనా? నేనా?" అన్నాడతను. "కాసేపటి పనేగా హైమా, సర్దుకుపోరాదూ." అంటూనే గడప పక్కన పాకుతున్న ఎవరిదో జలుబు తగలకుండా, రెండు చేతులతో పంచె మోకాళ్ళదాకా ఎత్తి, మునివేళ్ళ మీద దాటుకుని వెళ్ళిపోయాడు.

ఎత్తిపట్టిన ఆ పంచె వంక చూస్తూ నిలబడింది హైమావతి. ఇన్నాళ్ళూ జలగల మీదున్న అసహ్యం అతని మీదికి తిరిగింది.

అప్పట్నించి ఏం తిన్నా వాంతి. అత్తగారు శేషమ్మ మొదట సంబరపడి చింతకాయలు తెప్పించింది. అది కాదని తెలిశాక మొహం ముడుచుకుని, "మావయ్యగారికి చూపించుకో" అంది.

ఆదివారం, అరుగు ఖాళీ అయ్యాక, వెంకట్రామయ్యగారు కోడల్ని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టారు. ఈశ్వరరావు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ముసలాయన ఊరందరినీ అడిగినట్టే ఓపిగ్గా అడిగారు. ఆ ఇంట్లో ఆమెనొకరు ఏదైనా అడగడం అదే మొదలు.

"దాహం వేస్తుందా?"

"లేదండీ."

"వికారం దేన్ని చూస్తే ఎక్కువవుతుంది?"

"ఈ అరుగుని చూస్తే."

"ఇంకా?"

"మీరు 'అమ్మాయ్, చేట' అంటే."

శేషమ్మ నోరు నొక్కుకుంది. వెంకట్రామయ్యగారు మాత్రం లక్షణాలు కలిసినందుకు తలాడించి, "వాంతయినా తగ్గని వికారం. ఇపికాక్," అంటూ నాలుగు మాత్రలు ఆమె అరచేతిలో పోశారు.

వేసుకుంది. అందరూ ఆమె నోటివంకే చూస్తున్నారు. ఏమీ పడలేదు.

ఇంతలో వెంకట్రామయ్యగారికి వెక్కిళ్ళొచ్చాయి. కుర్చీ చేతులు పట్టుకుని ఒకసారి ఓకరించారు. కొబ్బరికాయంత ముద్ద దబ్బున నేలమీద పడింది. తెల్లగా, వెంట్రుక లేకుండా, మడతలు మడతలుగా ఉంది. ముందు భాగంలో చిన్న నోరు, ఎవరికో ఏదో పురమాయిస్తున్నట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. పాతబడ్డ నెయ్యి కంపు అరుగంతా నిండింది.

అలవాటుగా అందరూ హైమావతి వైపు తిరిగారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"మందు నేను వేసుకున్నాను. రోగం నాది కాదు."

"హైమా, ముందు ఎత్తు. తరవాత మాట్లాడుకుందాం," అన్నాడు ఈశ్వరరావు.

"చేట మీ పక్కనే ఉంది. మీరు ఎత్తండి."

"నేనా?" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే అది పొర్లుకుంటూ వెళ్ళి అతని చీలమండ పట్టుకుంది. చర్మం కింద ఒక ఉబ్బు పిక్కలోంచి పైకి ఎగబాకింది. ఈశ్వరరావు ఒళ్ళు ఒకసారి జలదరించింది. అంతే. తరవాత నిటారుగా నడిచొచ్చి, తండ్రి కుర్చీ ముందు నిలబడ్డాడు. ముసలాయన తనంతట తనే లేచి కుర్చీ ఇచ్చారు. కొడుకు కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, పెట్టె దగ్గరికి లాక్కుని, అచ్చం తండ్రి గొంతుతో "అమ్మాయ్, మంచినీళ్ళు!" అన్నాడు.

హైమావతి ఆ మధ్యాహ్నమే చీరలు సర్దుకుని బస్సెక్కింది. ఏడాది తిరక్కుండా గుడివాడ ఆడపిల్లల బడిలో హిందీ టీచరయింది.

ఒక శనివారం, ఆమె బడికి తయారవుతుంటే, వెంకట్రామయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. బాగా చిక్కిపోయారు.

"వాడు నిన్ను తీసుకురమ్మని పంపాడమ్మా."

"మీరేమంటారు మావయ్యగారూ?"

"వాడిప్పుడు రెండు పూటలా రోగుల్ని చూస్తున్నాడు. మీ అత్తయ్య వంగలేదు. నేనే ఎత్తుతున్నాను." తన వేళ్ళు వాసన చూసుకుని, మొహం పక్కకి తిప్పుకున్నారు. "నువ్వు రావద్దమ్మా. ఆ మాట చెబుదామనే వచ్చాను."

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆయన చేతులకి తగలకుండా పైనుంచి పోసింది. సబ్బు ఇచ్చింది. "ఇంకోసారి కడుక్కోండి," అంది. అన్నం పెట్టింది. ఆయన తల దించుకుని, మెతుకు మిగల్చకుండా తిన్నారు.

"నేను రాననే చెప్పండి," అంది.

ఆయన తలాడించి బస్సుకి వెళ్ళిపోయారు. హైమావతి ఆయన కూర్చున్న పీట కడిగి ఎండలో వేసి, తలుపుకి తాళం పెట్టి బడికి వెళ్ళింది.