చార్జ్ అప్పగింత

రాగిజావలో ఉండలు కడితే మామయ్యగారు తిట్టరు. గ్లాసు పక్కకి జరుపుతారు, అంతే. డిప్యూటీ కలెక్టర్‌గా రిటైరైన భీమశంకరం గారికి ఎవర్నీ తిట్టాల్సిన అవసరం పడలేదనుకుంటాను. జరిపిన గ్లాసు చూసి సిగ్గుపడి నేనే మళ్లీ కాస్తాను. ఇవాళ అలా రెండోసారి పిండి కలుపుతూ ఫోన్‌లో ఆ మెయిల్ మళ్లీ తెరిచాను. న్యూ మెక్సికోలో ఒక యూనివర్సిటీలో పాఠం చెప్పే ఉద్యోగం, రెండేళ్లకి. సాయంత్రంలోగా ఔననో కాదనో చెప్పాలి. మేముండే ట్రాయ్ అనే ఊరి నుంచి రోజూ వెళ్లొచ్చే దూరం కాదు.

అత్తయ్య నిరుడు ఇక్కడే పోయింది. ఆస్పత్రి మంచం మీద ఊపిరి అందకపోయినా, జావ ఎంత పల్చగా ఉండాలో నాకు చెప్పే పోయింది. కర్మలన్నీ అయ్యాక మామయ్యగారు, "మీ అత్తయ్య చార్జ్ నీకు అప్పగించి వెళ్లిందమ్మా గిరిజా" అన్నారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, పిచ్చిమొహాన్ని.

నా పీహెచ్‌డీ కూడా అప్పగింతల మీదే. తెల్లవాళ్లు దేశం వదిలిపోయే ముందు, వాళ్ల కింద పనిచేసిన పెద్ద అధికారుల గతేంటని లండన్‌కీ ఢిల్లీకీ పెద్ద తగాదా నడిచింది. ఉద్యోగం మధ్యలో తెగిపోతోంది కాబట్టి నష్టపరిహారం ఇవ్వాలని అటువాళ్లు. ఇంగ్లీషువాళ్లకైతే సరే, మనవాళ్లకెందుకు, ఇక సొంత దేశానికేగా పనిచేసేది అని ఇటువాళ్లు. ఆ మాట న్యాయంగానే ఉందని నేనూ రాశాను. తర్వాత ఒకరోజు నేను అంట్లు తోముతుంటే మా ఆయన రాజీవ్, "మన ఇంటికి మనం చేసుకుంటూ ఆ మొహమేంటి?" అన్నాడు. అదే వాదన అవతలి వైపు నిలబడి వింటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒళ్లు మండింది.

ఈ ఉద్యోగం గురించి చెప్పినప్పుడు కూడా రాజీవ్ కాదనలేదు. "ఐ యామ్ నాట్ స్టాపింగ్ యూ. నీ డెసిషన్. కాకపోతే బయటివాళ్లు వండితే నాన్న తినరు, నాకేమో మీటింగ్స్. యూ ఫిగర్ ఇట్ అవుట్" అన్నాడు. అడ్డు చెప్పని మొగుడితో పోట్లాడ్డానికి కూడా ఏమీ దొరకదు.

దియ వచ్చి నా చేతిలో గరిటె లాక్కుంది. నా కూతురు లెవెన్త్ గ్రేడ్.

"యూ షుడ్ గో అమ్మా. సీరియస్‌లీ. తాతకి జావ నేను చేస్తాను. ఈవెనింగ్స్ డిబేట్ టీమ్ మానేస్తా, ఇట్స్ ఫైన్."

కలిపింది. ఒక్క ఉండా లేదు. మామయ్యగారు గ్లాసు ఖాళీ చేసి, "భేష్! మీ నానమ్మ చెయ్యే వచ్చింది తల్లీ" అన్నారు. దియ మొహం వెలిగిపోయింది. పెళ్లయిన కొత్తలో నా మొహమూ అలాగే వెలిగేది, ఆ ఒక్క మాట కోసమే.

రాజీవ్ లాప్‌టాప్ లోంచి తలెత్తాడు. "ప్రాబ్లమ్ సాల్వ్‌డ్! దియ ఉంది కదా. యాక్సెప్ట్ చేసెయ్ గిరిజా." నిజంగానే సంతోషపడుతున్నాడు.

"జావ నువ్వు కాయొచ్చుగా రాజీవ్" అన్నాను.

"నేనా?" అని నవ్వాడు. మామయ్యగారూ నవ్వారు. దియ కూడా నవ్వింది.

దియ నవ్వకపోయి ఉంటే వెళ్లేదాన్నేమో.

రాలేనని యూనివర్సిటీకి రాసి పంపేశాను. దియ ఏడ్చింది. "వై అమ్మా? నువ్వు భయపడ్డావ్, అంతే" అంది. రేపటికి నా మీద జాలి పడుతుంది, ఎల్లుండికి నన్ను చిన్నచూపు చూస్తుంది, చూడనీ. "డిబేట్ మానకు" అని మాత్రం చెప్పాను.

ఆ యూనివర్సిటీవాళ్లు కారణం అడగలేదు. అడిగితే ఏం చెప్పను? మీ దగ్గరికి రావాలంటే ఈ పొయ్యి దగ్గర నా కూతుర్ని నిలబెట్టి రావాలి అని చెప్పాలి.