మందుకు చావని ఊద

పొలాలకు మందు కొట్టేవాణ్ణి అందరూ పంపు అనే పిలిచేవారు. వీపున పంపు లేకుండా అతన్ని చూసినవాళ్లు తక్కువ. అక్కకు మాత్రం వాడు తమ్ముడు, ఆమె మొగుడికి ఒక్కగానొక్క బావమరిది. వాళ్ల మడికి మందు కొట్టిన రోజు మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అక్క వంటింటి గడపలో చతికిలబడేవాడు. "ఏంటక్కా, బావకేమో కూర, నాకేమో గిన్నె అడుగా?" అని కయ్యానికి దిగితేగాని ఆమెకు ఆ పూట వడ్డించినట్టుండేది కాదు.

పోయినేడు ఆ గడప బోసిపోయింది. కలుపు మందు కొట్టాక కూడా వరిలో ఊదగడ్డి మిగిలింది. ఎండిపోయిన కలుపు దుబ్బుల మధ్య అక్కడొకటి, ఇక్కడొకటి, ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడింది. అక్క మొగుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. మందుల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా, "మందు బయట అమ్ముకుని నా మడికి నీళ్లు కొట్టిపోయాడు, ఇంటిదొంగ" అనేశాడు.

పంపు నోరు మెదపలేదు. ఆ మౌనమే అతని మెడకు చుట్టుకుంది. తప్పు లేనివాడైతే ఊరుకుంటాడా అన్నారు జనం. ఒక్కొక్కరే పిలవడం మానేశారు. అతను పంపు అమ్మేసి ఇటుకబట్టీలో పనికి కుదిరాడు. మళ్లీ అక్క ఇంటి ఛాయలకు రాలేదు.

ఈ ఏడు మొగుడే స్వయంగా కొట్టాడు. అదే మందు, కాస్త చిక్కగా కలిపి. ఊద పోయినేటి కంటే దట్టంగా లేచింది.

"ఈసారి నీళ్లు కొట్టిందెవరయ్యా?" అంది అక్క, గట్టు మీద నుంచి. అతను వినపడనట్టు పార నేలకు కొడుతూ నిలబడ్డాడు.

వ్యవసాయాధికారిణి వచ్చి కొన్ని ఊద దుబ్బులు వేళ్లతో సహా తీసుకెళ్లింది. ఆఫీసు వెనక కుండీల్లో నాటి, కొత్త డబ్బా విప్పి, తన చేత్తోనే కొట్టింది. కొన్నాళ్లకు మొగుడూపెళ్లాలిద్దర్నీ పిలిచి చూపించింది. ఒక్క ఆకు కూడా వాడిపోలేదు.

"మందులో లోపం లేదు, కొట్టిన చేతిలోనూ లేదు," అందామె. "ఏళ్ల తరబడి ఒకటే మందు వాడారు. చచ్చేది చచ్చింది. పుట్టుకతోనే మొండిది ఒకటీ అరా మిగిలి గింజ రాల్చింది. ఇప్పుడు మీ మడినిండా దాని సంతానమే. ఎంత చిక్కగా కొట్టినా ఏం లాభం?"

"మరేం చేయమంటారు మేడమ్?" అన్నాడు మొగుడు.

"వచ్చే పంటకు వరి మాని వేరే పైరు వేయండి. గడ్డిని వేరే విధంగా చంపే మందు వాడండి, డబ్బా మీద పేరు మారితే చాలదు. ఇప్పటికైతే గింజ రాలకముందే చేత్తో పీకించి మడి బయట పడేయించండి. రాల్చిందంటే మళ్లీ మొదటికే."

అక్క చెవిలో ఒక్క ముక్కే నిలిచింది: కొట్టిన చేతిలోనూ లేదు.

"ఇటు నుంచి ఇటే బట్టీకి పోదాం," అంది మొగుడితో. "వాడు మళ్లీ మనింట్లో అన్నం తినాలి. నువ్వన్న మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి."

"తీసుకుంటాలేవే. నాకు మాత్రం బాధ ఉండదూ?" అన్నాడతను. దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

తమ్ముడు ఎర్ర దుమ్ములో మునిగి ఉన్నాడు. ఆమె నిలుచున్న పళాన అంతా చెప్పేసింది. అతను చేతులు తుడుచుకోవడం కూడా మరిచి విన్నాడు.

"నిజంగానా అక్కా? మందు మూతతో కొలవడంలో నేనే తప్పానేమో అనుకున్నా. లేకపోతే పంపు కొన పూడిందేమోనని. కళ్లు మూసుకుంటే కొలుస్తూనే ఉన్నా. నా చెయ్యినే నేను నమ్మనప్పుడు, ఆవేళ బావతో ఏమని వాదించను?"

తమ్ముడి మొహం మెల్లగా విప్పారుతూ బావ వైపు తిరిగింది. చుట్టూ పనివాళ్లు చూస్తున్నారు. మొగుడు గొంతు సవరించుకున్నాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు ఎటు పోయాయో.

"ఊద పీకాలిరా. మనుషులు చాలట్లేదు. నువ్వొస్తే... కూలి ఇస్తాను."

విప్పారిన మొహం మూసుకుపోయింది.

"అందరికీ ఇచ్చేదేనా బావా?" అన్నాడు తమ్ముడు.

మర్నాడు కూలివాళ్లతోపాటే వచ్చాడు. ఆకు మొదలు చూసి వరినీ ఊదనీ వేరు చేస్తూ, పీకిన దుబ్బు ఒక్కటీ మడిలో పడకుండా గోనెలో కుక్కుతూ, వంచిన నడుం ఎత్తలేదు. మధ్యాహ్నం అక్క అన్నం గంప దించేసరికి, దూరంగా గట్టు మీద తను తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పాడు.

"ఒరేయ్, నీకిష్టమని చేశానురా."

"ఇందులో ఉందక్కా, చాలు."

సాయంత్రం మొగుడు కూలి ఇస్తూ అతని చెయ్యి వదల్లేదు. "తప్పు నాదిరా. ఇంటికి రా. మీ అక్క చూడు ఎలా అయిపోయిందో."

తమ్ముడు మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. అవతలి మడిలో ఇంకా మిగిలిన ఊద వైపు చూశాడు.

"పనికైతే వస్తాను బావా, రేపు కూడా," అని గట్టు వెంబడే వెళ్లిపోయాడు.